తోక పిన్ను

“చచ్చినవాడు లేచొచ్చి మాట్లాడలేడని తప్పంతా ఆయన నెత్తిన రుద్దుతారా?” అంది పైలట్ భార్య.

విచారణ అధికారి నివేదికను ఆమె వైపు తిప్పాడు. విమానం నిలిపి ఉంచినప్పుడు తోక రెక్క గాలికి కొట్టుకోకుండా ఒక పిన్ను గుచ్చుతారు. బయలుదేరే ముందు దాన్ని తీసేయాలి. పైలట్ తీయలేదు. ప్రొపెల్లర్ హోరెత్తిపోతున్నా, రన్‌వే అయిపోయినా విమానం ముక్కు పైకి లేవలేదు. చివరనున్న గోడను గుద్దుకుని ఆయనా, ఇద్దరు ప్రయాణికులూ పోయారు.

ఆమె ఒంటికాలి మీద లేచింది. ఆ పిన్నుకు మూరెడు ఎర్ర రిబ్బను వేలాడాలి, దాని మీద ‘ఎగిరే ముందు తీయాలి’ అని తెల్లగా రాసి ఉండాలి. మంటలైనా రాలేదే, మరి శిథిలాల్లో దొరికిన పిన్నుకు పోగైనా లేదేం? రిబ్బను లేకపోతే వేలెడంత పిన్ను ఎవరి కంటికి ఆనుతుందని నిలదీసింది.

“అది చూసుకోవాల్సింది ఇదిగో, ఈ మెకానిక్కే. పదేళ్లుగా అన్నయ్యా అని పిలిచాను. నోరు విప్పవేం?”

మెకానిక్ తెరిచి ఉన్న తలుపులోంచి, వరండా బల్ల మీద బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె ఆరేళ్ల కూతురిని చూసి తల దించుకున్నాడు. పిల్ల ముఖం చూసే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందిలే అని ఆమె పళ్లు కొరికింది.

“తప్పు నాదేనని రాసుకోండి సార్,” అన్నాడు చివరికి.

రిబ్బను ఏమైందని అధికారి మూడుసార్లు అడిగాడు. మెకానిక్ తెలియదనే చెప్పి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పకపోవచ్చు. ఆమెకు రవ్వంత జాలి కలగలేదు. భర్త మీద మచ్చ పోయింది, అదే పదివేలు అనుకుంది.

ఇంటికి రాగానే కూతురు బొమ్మను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. దాని జడ వదులైపోయింది. ప్రమాదానికి ముందురోజు తనతోపాటు పనికి తీసుకెళ్లినప్పుడు నాన్న వేసిన జడ అది. ఇన్నాళ్లూ పిల్ల దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

“నాన్న కట్టినట్టే కట్టమ్మా. మామయ్య వద్దు వద్దంటున్నా వినకుండా కట్టాడు.”

ఆమె ముడి విప్పి, నలిగిన రిబ్బనును వేళ్లతో సాపు చేసింది.

‘ఎగిరే ముందు తీయాలి.’