మెడ మీద వెండి మరక

తిరుచ్చి కాలేజీ ల్యాబులో కయల్విళి సాయంత్రం నుంచీ లోపలి గడియ పెట్టుకుని ఒంటరిగా పనిచేస్తోంది. వెండి నైట్రేటు నీళ్లలో నేలవేము కషాయం పోస్తే నీళ్లు మెల్లగా గోధుమరంగుకు తిరిగాయి. వెండి రేణువులు పుడుతున్నాయి.

బాగా పొద్దుపోయాక జూనియర్ తేన్‌మొళి తలుపు తడితే గడియ తీసింది.

"ఇడ్లీ తెచ్చానక్కా. అయ్యో, మెడ వెనక ఆ నల్ల మరకలేంటి? వెండి నీళ్ల చేత్తోనే గోక్కున్నావా?"

తేన్‌మొళి నవ్వుతూ కయల్ చెయ్యి లాగి మరకల మీద ఆనించి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అక్కా, ఇవి నీ వేళ్లు కావు. చాలా పెద్దవి."

వెండి నీళ్లు ఒంటికి అంటిన చాలాసేపటికి గానీ నల్లబడవు. ఆ వేళ్లు మెడ మీద పడినప్పుడు గడియ వేసే ఉంది.

గది చివర ఎవరో కుళాయి తిప్పి, తీరిగ్గా చేతులు కడుక్కుంటున్నారు.