ఏడున్నరకే తాళం

ఎర్ర చుక్కల సారును వెతుక్కుంటూ సుచిత్ర పన్నెండేళ్ల తర్వాత శామీర్‌పేట లైబ్రరీ మెట్లెక్కింది.

చేతిలో బరువైన అట్టపెట్టె. అందులో ఇంగ్లీషు పదాల పుస్తకాలు పది. అన్నింటికీ చివర జవాబుల పేజీలు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకుంది.

అప్పట్లో ఇక్కడ అలాంటిది ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. వాక్యంలో ఒక ఖాళీ, కింద నాలుగు మాటలు. సందర్భానికి సరిపోయేది ఎంచుకోవాలి. జవాబుల పేజీలు మాత్రం ఏ మహానుభావుడో చింపుకుపోయాడు.

బ్యాంకు పరీక్ష రెండుసార్లూ ఇంగ్లీషు దగ్గరే పోయింది సుచిత్రకు.

"ఇదే ఆఖరుసారి బిడ్డా. ఇగ గాకుంటే ఏదన్న దుకాన్ల జేరుదువు" అన్నాడు ఆటో నడిపే బాపు.

పుస్తకంలో గీతలు గీస్తే అటెండరు సిద్దిరాములు ఊరుకోడు. అందుకని జవాబులు చీటీ మీద రాసి, ఆ చీటీని గుర్తుగా అదే పేజీలో పెట్టి ఇంటికి పోయేది.

మర్నాడు వచ్చి చూస్తే తప్పుల పక్కన ఎర్ర చుక్కలు!

ఒట్టి చుక్కలే. సరైన మాట ఏదో చెప్పవు. మళ్లీ వాక్యం చదవాలి, మళ్లీ చీటీ పెట్టాలి. ఒక్క దిగులుకే ఇంగ్లీషులో ఇన్ని మాటలున్నాయనీ, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదనీ ఆ చుక్కలే నేర్పాయి.

"అన్నా, గీ చుక్కలు పెడుతున్నదెవరు?" అని ఓసారి సిద్దిరాములునే అడిగింది.

"నాకేం ఎరుక? ఎవరో పెద్దసారు. జల్దీ లే, తాళమెయ్యాలె."

అదీ ఆయన తీరు. బోర్డు మీద ఎనిమిది దాకా అని ఉంటే ఏడున్నరకే ఫ్యాన్లు ఆపేసేవాడు. చేతిలో పుస్తకం లాక్కున్నంత పని చేసి, సైకిలెక్కి ఆగమాగంగా పోయేవాడు.

"అన్నా, ఒక్క పది నిమిషాలు! పరీక్ష పదిహేను రోజులే ఉంది."

"రేపు రా."

సుచిత్రకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఫిర్యాదుల రిజిస్టరు అడిగి తీసుకుని, కసిగా ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. 'కేర్‌లెస్' అని రాయబోయి ఆగింది. చాలదు. 'లేజీ'? అదీ కాదు. చివరికి 'నెగ్లిజెంట్' అని పెట్టింది. తనంతట తాను రాసిన మొదటి ఇంగ్లీషు పేజీ అది.

రిజిస్టరు అందుకున్న సిద్దిరాములు ఆ అక్షరాలను తేరిపార చూశాడు.

"మస్తు రాసినవ్ పో" అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. సుచిత్రకు లోపల్లోపల నవ్వొచ్చింది.

వారం తిరక్కుండా ఆయన్ను ఎక్కడికో మార్చేశారు. కొత్త మనిషి ఎనిమిదింటి దాకా తలుపులు తెరిచే ఉంచాడు. ఎందుకో మరి, చుక్కలూ ఆగిపోయాయి. పెద్దసారు ఊరెళ్లారేమో అనుకుంది. అయితేనేం, ఈసారి పరీక్ష గట్టెక్కింది. ఇప్పుడు బ్యాంకులో మేనేజరు.

ఇవాళ ఆ పాత బల్ల మీద చెయ్యి వేయగానే చెరువు గాలి, రెపరెపలాడే పేపర్లు, కిర్రుమనే ఫ్యాను అన్నీ తిరిగొచ్చాయి. ఎంత మంచి రోజులవి అనిపించి కళ్లు చెమర్చాయి.

లైబ్రేరియన్ బిందు పెట్టె అందుకుని, ఎర్ర చుక్కల సారు ఎవరని సుచిత్ర అడిగితే కాసేపు ఆలోచించింది.

"పక్కనే తూంకుంట ఊర్ల కృష్ణారావు సారని ఇంగ్లీషు లెక్చరర్ ఉన్నరు మేడం. రిటైరై శానా ఏండ్లాయె. ఆయనే అయ్యుంటరు."

తూంకుంటలో ఆ ఇంటి తలుపు తీసిన ముసలాయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను కనబడింది. సుచిత్ర చటుక్కున వంగి కాళ్లకు దండం పెట్టి, చీటీల కథంతా చెప్పింది.

"మీరు రోజూ లైబ్రరీకొచ్చి దిద్దకపోతే నేనెక్కడుందునో సార్!"

"ఆ పిల్లవి నువ్వేనా! దిద్దింది నేనే గానీ, ఆ లైబ్రరీ గడప ఏనాడూ తొక్కలేదమ్మా. నా మోకాళ్లకి ఆ మెట్లు కూడానా!"

"మరి చీటీలు?"

"సిద్దిరాములు తెచ్చేవాడు. నేను ఎనిమిదిన్నరకల్లా పడుకుంటాను. అందుకని ఏడున్నరకే తాళం వేసి, సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. 'జవాబు జెప్పకుండ్రి సార్, సుక్క పెట్టుండ్రి సాలు, పిల్లనే ఎతుక్కుంటది' అనేవాడు."



"నాకొక్క మాటన్న చెప్పలే సార్..."

"నా పేరు చెప్పొద్దన్నది నేనే. తన పేరు ఎందుకు దాచుకున్నాడో నాకూ తెలీదు."

"ఇప్పుడెక్కడున్నడు సార్?"

"పోయి రెండేళ్లయిందమ్మా."

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఒకరోజు చీటీ కాదు, ఏకంగా రిజిస్టరే పట్టుకొచ్చాడు. పిల్ల పేజీ నిండా రాసింది, దిద్దండి సార్ అని. చదివి తెల్లబోయాను. అందులో ఉన్నదంతా అతని మీదే. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నెగ్లిజెంట్ అన్న మాట వాక్యానికి కుదిరింది గానీ నీకు కుదర్లేదయ్యా, ఈ పేజీ చింపెయ్ అన్నాను."

"ఏమన్నడు సార్?" అడిగింది సుచిత్ర.

"'ముందుగాల తప్పులున్నయో లేవో జెప్పుండ్రి' అన్నాడు. ఒక్కటీ లేదన్నాను. 'అయితే ఇగ పిల్ల పాసైనట్టే! తప్పు లేని పేజీని ఎట్ల చింపాలె సార్?' అని రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయి, మర్నాడు తనే పై ఆఫీసులో ఇచ్చొచ్చాడమ్మా."