ఒక్క విసురు

"కొట్టు నాయనా, ఇటే కొట్టు!"

బేస్‌బాల్ మైదానం గోడ వెనక బల్ల మీద కూర్చున్న బెర్నిస్ గొణుగుడు పక్కనున్న ట్రాయ్ చెవిన పడింది. బీరు గ్లాసు దించి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె తల మీద షికాగో నీలం టోపీ. బ్యాటు పట్టి నిలబడ్డవాడేమో సెయింట్ లూయిస్ ఎర్ర టోపీవాడు. ఈ రెండు జట్లకీ తాతల నాటి నుంచీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఏం పెద్దమ్మా, మనవాళ్లు ఓడాలని మొక్కుకున్నావా?"

"ఒక్క బంతి ఇక్కడ పడితే చాలయ్యా. తర్వాత ఎవరైనా గెలుచుకోనీ."

"ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగే మన ఆధిక్యం. ఇక్కడ పడిందంటే మన కొంప మునిగినట్టే!"

ఆ సంగతి ఆమెకూ తెలుసు. అవతలి జట్టు హోమ్ రన్‌గా గోడ దాటించిన బంతి చేతికి చిక్కితే ఇక్కడ ఎవరూ దాచుకోరు, మైదానంలోకి తిరిగి విసిరికొడతారు. జనం చప్పట్లు చరుస్తారు. అది తప్ప చిన్న కాగితం ముక్క విసిరినా కాపలావాళ్లు రెక్క పట్టుకుని బయటికి ఈడుస్తారు.

"మా ఆయన కాజిమిర్ పెళ్లికి ముందు నుంచీ ఈ బల్ల మీదే కూర్చునేవాడు," అంది బెర్నిస్. "ఒక్క బంతీ చిక్కలేదు పాపం. ఆ గడ్డి మీదికి వెళ్లాలని ఒకటే యావ. స్టేడియం ఆఫీసువాళ్లను బతిమాలాను, కుదరదు పొమ్మన్నారు. ఆయన బదులు నేను విసురుతానని మాటిచ్చాను."

"ఆయన్నే తీసుకురాకపోయావా?"

"ఇంక ఆయన మెట్లెక్కలేడయ్యా."

"పోనీ, ఇంకో ఆటకి వద్దువుగాని."

"రేపు ఇల్లు ఖాళీ చేస్తున్నాను. మా అమ్మాయి అరిజోనా తీసుకుపోతోంది. ఇవాళ తప్పితే ఇంక లేదు."

ఆమె ఒళ్లోని సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అందులో ఒక పాత బంతి ఉంది. గేటు దగ్గర సోదా చేసినవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కుట్లు ఊడొస్తున్నాయి కదమ్మా," అన్నాడు. "ఒక్క విసురుకి ఆగుతుందిలే," అంది ఆమె. వేసవంతా పెరట్లో బంగాళాదుంపలు విసిరి చెయ్యి అలవాటు చేసుకున్న మనిషి.

బ్యాటు ఫెళ్లుమంది.

బంతి ఆకాశంలోకి లేచింది. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే గాలి కూడా ఆగిపోయినట్టు అంతా బిగుసుకుపోయారు. బంతి గోడ దాటి వచ్చి ట్రాయ్ అరచేతుల్లో పడింది. స్టేడియం అంతా శ్మశానంలా అయిపోయింది. మరుక్షణం, "విసిరెయ్! విసిరెయ్!" అని జనం గొంతులు పగిలేలా అరిచారు.

ట్రాయ్ ఏడుపు మొహంతో చెయ్యెత్తాడు. బెర్నిస్ ఆ చెయ్యి పట్టుకుంది.

"నాకియ్యి నాయనా. నీకు పుణ్యముంటుంది."

అతను ఆమె కళ్లలోకి చూసి, బంతి ఇచ్చేశాడు. ఆమె ఆ బంతిని సంచీలో పడేసి, పాతదాన్ని తీసి, ఒక్కసారి పెదాలకు ఆనించుకుని, బలమంతా కూడగట్టుకుని విసిరింది. జనం చప్పట్లతో హోరెత్తించారు.

"ఓసి నీ గడుసుతనం కూలా!" ట్రాయ్ ఆట సంగతి మరిచి నవ్వేశాడు. "అసలుది కొట్టేయడానికి పాతది తెచ్చుకున్నావన్నమాట. ఇక్కడ పాతకాపులంతా చేసే పనే!"

బెర్నిస్ అసలు బంతిని తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నాకెందుకు? నువ్వే ఉంచుకో."

ట్రాయ్ నవ్వు ఆగిపోయింది. కింద గడ్డి మీద పడ్డ పాత బంతి కుట్లు తెగి రెండుగా విచ్చుకుంది. లోపలి నుంచి బూడిదరంగు పొడి లేచి, గాలికి గడ్డి మీదంతా పరుచుకుంది. ఫీల్డర్ విసుగ్గా ఆ తోలు ముక్కను కాలితో పక్కకు తన్నాడు.

"ఏం కూరావు పెద్దమ్మా అందులో?"

"మా ఆయన్ని," అంది బెర్నిస్.