ఆగిందన్న గుర్తు

మొదలుపెట్టడం గురించి రాయడానికి రెండు వాక్యాలు చాలు, ఆపడం గురించే ఎంత రాసినా తెగదు, అనుకుంటున్నాడు సత్యదేవ్.

మనసూ అంతే. పొద్దున బస్సులో కండక్టరు విసుక్కున్న మాట దిగినప్పుడే అయిపోయింది. లోపల మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అతని పని చిన్నది. ఫోను తెర మీద జరిగేదంతా వీడియోగా రికార్డవుతున్నప్పుడు, పక్క బటన్ ఒక్కసారి నొక్కితే దాన్ని ఆపి దాచిపెట్టే యాప్ ఒకటి వాళ్ల కంపెనీది. దాన్ని ఎలా వాడాలో వివరిస్తూ ఒక పేజీ రాయాలి. సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో, పాత మేడ మూడో అంతస్తులో, వారం నుంచి అదే రాస్తున్నాడు.

సందేహాలుంటే అడగమని పేజీ చివర ఇచ్చిన నంబరు అతని టేబుల్ మీదే మోగుతుంది.

మోగింది.

"నమస్తే సార్, నా పేరు ఓంప్రకాశ్. మీ పేజీ మొత్తం విన్న. మంచిగ రాసిన్రు. జెర ఒక్క డౌటు."

విన్నాడట. చదువు రాదేమో, ఎవరిచేతో చదివించుకున్నాడు, అనుకున్నాడు సత్యదేవ్. తెలియకుండానే అతని గొంతు నెమ్మదించింది, కాస్త పెద్దదీ అయింది.

"అడగండి."

"ఆపినంక, ఆగిందని ఎట్ల తెలుస్తది?"

"తెర పైన ఎర్ర చుక్క ఉంటుందండీ. అది పోతుంది."

"పోయిందని ఎట్ల తెలుస్తది?"

సత్యదేవ్‌కు నవ్వొచ్చింది. ఫోను పెట్టేసి, ఎవరో ఇలా అడిగారని పై అధికారి ఝాన్సీలక్ష్మితో చెప్పాడు. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు ఫోను మోగగానే తన గదిలోంచి అరిచింది. "చూసుకోండి సత్యా, మీ చుక్కలాయనేమో."

ఆయనే.

"సార్, ఆగినప్పుడు ఫోను రెండుసార్లు వణుకుతది గద. కొత్త వెర్షన్‌ల అది ఉండదని రాసిన్రు."

"అవునండీ. అనవసరం కదా."

అనవసరమని తేల్చింది సత్యదేవే. ఆ వణుకు ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పలేకపోయాడు. తనకు అర్థం కానిదాన్ని అనవసరం అనేయడం అతనికి సులువు. తీసేద్దామన్నాడు, అందరూ సరే అన్నారు.

"తీయకున్రి సార్. ఆగిందనుకొని బ్యాంకు పిన్ను కొట్టిన్రనుకో, అది సుత వీడియోల పడతది. గా వీడియో ఎవరికో పంపుతరు. ఖతం."

"చుక్క చూసుకుంటే సరిపోతుందండీ."

శుక్రవారం పొద్దున మళ్లీ మోగింది. చికాకుతో చూసిచూసి ఆ నంబరు సత్యదేవ్‌కు కంఠతా వచ్చేసింది.

"అది కాదు సార్, నాకు..."

"కళ్లు పెట్టి చూడండి ఓంప్రకాశ్ గారూ. కనబడుతుంది."



"అచ్ఛా సార్. తక్లీఫ్ ఇచ్చిన."

ఆ సాయంత్రం కొత్త వెర్షన్ అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. ఆయన మళ్లీ ఫోను చేయలేదు.

సోమవారానికి పేజీలో ఒక్క ఖాళీ మిగిలింది. యాప్‌ను మొదట తయారుచేసినవారి పేరు.

"ఎవరు మేడం?"

"ఓంప్రకాశ్ గారు," అంది ఝాన్సీలక్ష్మి. "సీతాఫల్‌మండి నుంచి ఎమ్మెమ్‌టీఎస్ రైల్లో వచ్చేవారు. మానేసి మూడేళ్లయింది. మన మెట్లు యాభై నాలుగని మా అందరికీ చెప్పింది ఆయనే."

కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.

సత్యదేవ్ ఆ యాప్ తాలూకు పాత ప్రోగ్రాం తెరిచాడు. మొదట్లోనే, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో, తనకోసం తాను రాసుకున్నట్టు రెండు వరుసలు.

'ఆగినంక ఫోను రెండుసార్లు వణకాలె. పైన చుక్క ఉంటదంట, ఎర్రగ ఉంటదంట.'

"చేసింది ఆయనే కదా మేడం. ఉంటదంట అంటాడేమిటి?"

"ఎవరైనా చెబితేనేగా ఆయనకి తెలిసేది. పుట్టుకతోనే చూపు లేదు..." ఝాన్సీలక్ష్మి సగంలో ఆగింది. "అందుకా ఆ వణుకు. మీరు తీసేద్దామన్నప్పుడు నాకూ తట్టలేదు సత్యా."

"మళ్లీ పెట్టించొచ్చా?"

"పెట్టించొచ్చు. వచ్చే వెర్షన్‌లో. మూడు నెలలు పడుతుంది."

ఆమె వెళ్లిపోయాక సత్యదేవ్ తన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. రికార్డింగు మొదలుపెట్టి, కళ్లు మూసుకుని, పక్క బటన్ నొక్కాడు.

అరచెయ్యి ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

ఆగిందో, ఇంకా నడుస్తూనే ఉందో. ఆ చీకట్లో కూర్చుని ఒక మనిషి, తాను ఎన్నడూ చూడని చుక్కను ఆర్పడం కనిపెట్టాడు. ఆరిందన్న కబురు చేతికి చేరే దారి కూడా వేశాడు.

సత్యదేవ్ కళ్లు తెరవలేదు. టేబుల్ మీది బటన్ల ఫోనును తడుముకుంటూ దగ్గరికి లాక్కున్నాడు. అంకెల నడుమ, అయిదు మీద, చుక్కంత బొడిపె వేలికి తగిలింది. ఇన్నేళ్లూ దాని మీదుగానే నొక్కుతున్నాడు, ఎందుకుందని ఒక్కనాడూ అడగలేదు.

అక్కణ్నుంచి కిందికి ఒకటి, కుడికి ఒకటి లెక్కపెట్టుకుని, ఓంప్రకాశ్ నంబరులోని మొదటి అంకె, తొమ్మిది, నొక్కాడు.