నీళ్లు నిలవని గుంత

శంషాబాద్ పక్కన ఆ ఊళ్లో పంచాయతీ గోడ మీద కొత్తగా పేర్లు రాశారు.

పొలంలో వాన నీటిని ఆపే గుంత తవ్వుకున్న రైతులకు సర్కారు సబ్సిడీ ఇచ్చింది. ఎవరికి ఎంత ముట్టిందో ఊరంతా చూడాలని ఆ రాతలు.

అందరికంటే పైన చెన్నయ్య పేరుంది.

చెన్నయ్య ఆ ఊరివాడు కాడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి, జంగయ్య చామంతి తోటకు ఎగువన ఎకరం చెలక భూమి కొనుక్కున్నాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మాట్లాడని మనిషంటే ఊరికి ఎప్పుడూ అనుమానమే.

జంగయ్య కూడా గుంతకు దరఖాస్తు పెట్టాడు గానీ రాలేదు. ఆ కడుపుమంట ఒకటి లోపల ఉండనే ఉంది.

లెక్కలు తనిఖీ చేసేవాళ్లు గ్రామసభ పెట్టి పేర్లు చదివారు. చెన్నయ్య పేరు రాగానే జంగయ్య లేచాడు. మీదుగా పోతున్న విమానం మోత తగ్గేదాకా ఆగి మరీ చెప్పాడు.

"వాన వెలిసిన నాలుగొద్దులకు దాంట్ల చుక్క ఉండది సారూ. ఎండిన గుంతకు పైసలిచ్చిండ్రు."

అందరూ వెళ్లి చూశారు. గుంత అడుగున మట్టి నెర్రెలు విచ్చి ఉంది. నీళ్లేవని తనిఖీకి వచ్చినవాళ్లు అడిగారు.

చెన్నయ్య ఒక్కసారి జంగయ్య వైపు చూశాడు.

"భూమిల వోయినయ్ సారూ," అన్నాడు.

అందరూ నవ్వారు. జంగయ్య ఇంకొంచెం గట్టిగా నవ్వాడు.

సబ్సిడీ వాపసు కట్టమన్నారు. అది కట్టడానికి, భూమి కొన్నప్పటి అప్పులు తీర్చడానికి చెన్నయ్య చెలకను ప్లాట్లవాళ్లకు అమ్మేశాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతూ తోట దగ్గర ఆగి, జంగయ్య భార్య సత్తెమ్మను ఒకటే మాట అడిగాడు.

"బోరు మంచిగ పోస్తుందా అక్కా?"

ఎండబోయిన బోరు మళ్లీ పోసి రెండేళ్లయింది. ప్రతి శుక్రవారం దానికి కొబ్బరికాయ కొట్టిన పుణ్యమేనని మొగుడూ పెళ్లాల నమ్మకం. పోయేవాడి కళ్లు పడ్డాయని, సత్తెమ్మ ఆ సాయంత్రమే బోరుకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

ప్లాట్లవాళ్లు జేసీబీతో గుంత పూడ్చి హద్దురాళ్లు పాతారు.

ఆ ఎండాకాలం బోరు గాలి కక్కింది. ఎన్ని కొబ్బరికాయలు కొట్టినా చుక్క రాలేదు. చామంతి నారు కళ్ల ముందే మాడిపోయింది. ఇక తోట ఉంచుకోవడమా, తనూ ప్లాట్లవాళ్లకు అమ్ముకోవడమా అన్న కాడికి వచ్చింది జంగయ్య పని. ఆఖరి ఆశగా గుంతకు మళ్లీ దరఖాస్తు పెట్టాడు.

జాగా చూడటానికి గుంతలు మంజూరు చేసే ఆఫీసు నుంచి అరుణ మేడం వచ్చింది. చెన్నయ్య గుంత తవ్వేచోట కొలిచి ముగ్గు పోయించింది ఆమే. ఆ తర్వాత కొత్తూరుకు బదిలీ అయి, ఈ మధ్యే తిరిగి వచ్చింది.

ఎగువన గుంత ఉండాలి కదా, ఏదీ అని అడిగింది. జంగయ్య హద్దురాళ్లు చూపించాడు. గ్రామసభ సంగతి తలవంచుకుని చెప్పాడు. చెన్నయ్య ఏదో కంపెనీకి వాచ్‌మన్‌గా ఉండి, మొన్న మాఘంలో చనిపోయాడని కూడా చెప్పాడు.

అరుణ ఆ రాళ్ల దాకా నడిచి, గుంత ఉండిన చోట ఆగింది.

"చేను నడిమిట్ల తవ్వి అడుగున ప్లాస్టిక్ కవరెయ్యి, నీళ్లు నిలిచి నీ పంటకు పనికొస్తయని నేనే చెప్పిన జంగన్నా. ఇనలే. మీ గట్టు పక్కకే, కవర్ లేకుండ తవ్వియ్యుమన్నడు."

"ఎందుకట?" అడిగాడు జంగయ్య.

"పక్కాయన బోరు ఎండిపోతుంది మేడం, పొద్దుగూకినంక మోటరు కాడ కూసొని ఏడుస్తుంటే జూసిన, అన్నడు."

ఆ ఏడుపు సంగతి సత్తెమ్మకు కూడా తెలియదు.