అవతలివైపు మూత

క్యాంటీన్ వంటమాస్టరు ఏం చెప్పినా, కొత్తగా పనిలో చేరిన అల్లుడు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు. తిడదామంటే కూతురి మొగుడాయె!

"ఉత్త ఆవిరే కదా మామగారూ! కాగే నీళ్లయితే భయపడాలిగానీ," అన్నాడు ఆరోజు, ఉడుకుతున్న గుండిగ ముందు నిలబడి.

"నీళ్లే నయం అల్లుడుగారూ! ఆవిరైతే ఒంటికి తగిలి నీరవుతూ, లోపల దాచుకున్న వేడంతా అక్కడే దింపేస్తుంది. అందుకే మూత మీవైపు కాదు, అవతలివైపు తెరుచుకునేలా ఎత్తాలి. ఏదీ, ఎత్తండి చూద్దాం!" అంటూ మామగారు అవతలివైపు నుంచి తొంగిచూశారు.

మామగారు చెప్పింది చెప్పినట్టే చేశాడు అల్లుడు.

ఆసుపత్రిలో మొహానికి మందు రాస్తున్న నర్సు, "ఎలా కాలింది పెద్దాయనా?" అంది.

"మా అల్లుడు, తల్లీ! మొట్టమొదటిసారి నా మాట విన్నాడు."