బొమ్మకి కట్టిన గుడ్డ

"ఏయ్ ముసలమ్మా! బొమ్మ మీద చెయ్యెయ్యమాక!"

కర్ర ఊపుకుంటూ పరుగెత్తాడు బుల్లయ్య.

పిడుగురాళ్ల దారిలో, చిట్టడవిలో చెట్ల మధ్య రాతిబొమ్మలు నిలబెట్టి టికెట్టు పెట్టారు. కాపలా బుల్లయ్యది. వచ్చినవాళ్లంతా ఎగబడి ఫొటోలు దిగేది మాత్రం ఒక్క బొమ్మ దగ్గరే. మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతున్న పడుచు. నిండు బుగ్గలు, నవ్వుమొహం. పొద్దున్నే బుల్లయ్య ముందుగా తుడిచేది ఆ మొహమే.

ముసలమ్మ ఆ మొహానికి ముక్కూ నోరూ మూసుకునేలా పాత చీర పీలిక కట్టేసింది.

"ముడుపు కట్టడానికి ఇదేమన్నా అమ్మవారా?"

"ముడుపు కాదన్నా. కాయల ఘాటుకి గుడ్డ లేకపోతే..."

దగ్గు ఆమెను మాట్లాడనివ్వలేదు.

"అన్నా ఏంటే? మా అమ్మకన్నా పెద్దదానిలా ఉన్నావు!"

పీలిక లాగి పారేశాడు. మర్నాడు మళ్లీ కట్టి పోయింది. అది కాస్తా ఆఫీసరు కంటపడింది.

"ఇవాళ గుడ్డ, రేపు పసుపు, ఎల్లుండి హుండీ! ఇంకోసారి కనబడిందంటే నువ్వు ఇంటికే బుల్లయ్యా."

బుల్లయ్యకి ఒళ్లు మండిపోయింది. పెళ్లాంబిడ్డల నోటికాడి కూడు లాక్కోవడానికే దాపురించింది ఈ ముసలిది!

మళ్లీ ఆమె వచ్చేసరికి గేటు మూసేశాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఒక్కసారి కట్టి పోతానన్నా. ఇంక రాను. రాలేను గూడా."

"పొమ్మంటే పోవా? రెండు తగిలిస్తేగానీ కదలవా?"

గేటు పట్టుకుని కాసేపు దగ్గింది. పోయి రోడ్డు పక్క బస్టాపులో కూలబడింది. సాయంత్రానికి ప్రాణం పోయింది. ఊళ్లోవాళ్లెవరో మోసుకుపోయారు. బుల్లయ్య చూడ్డానికి కూడా వెళ్లలేదు.

ఆ వారంలోనే బొమ్మ చెక్కిన శిల్పి వచ్చాడు.

"బాగా చూసుకుంటున్నావయ్యా."

"కంటికి రెప్పలా చూసుకుంటున్నానండి. ఓ ముసల్ది దీని మూతికి గుడ్డ కట్టి నా ప్రాణం తీసిందండి. మొన్న చచ్చింది, పీడా వదిలింది."

శిల్పి మొహం పాలిపోయింది.

"బాగా దగ్గేదా?"

"ఒకటే దగ్గండి."

"మల్లేశ్వరి... ముసల్ది కాదయ్యా, నలభై కూడా లేవు."

"మీకు తెలుసాండీ?"

శిల్పి బొమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టాడు.

"మొహం కనపడాలని సీజనంతా గుడ్డ తీయించి, కల్లంలో కాయల మధ్య కూర్చోబెట్టి నేను చెక్కింది ఈమెనే."